నాన్న కాళ్లకు మట్టి

నాన్న మధ్యాహ్నం పోయారు. ఉదయమే చర్చి నుంచి ఫాదర్‌గారు వచ్చి నుదుటికి తైలం రాసి, దివ్యసత్ప్రసాదం ఇచ్చి వెళ్లారు. ఆ తర్వాత నాన్న పొలం కనిపించే కిటికీ వైపు తిరిగి, “చేనుకి నీళ్లు పెట్టావా?” అని అన్నయ్యను అడిగారు. అవే ఆఖరి మాటలు.

మోకాళ్లు అరిగిపోయి సేద్యం అన్నయ్యకు అప్పగించారన్న మాటే గానీ, ఆయన మనసు ఏనాడూ ఇంట్లో లేదు. “నేను పొలాన్ని వదిలినా అది నన్ను వదల్లేదమ్మా” అని నవ్వేవారు. పొద్దున జపమాల, సాయంత్రం జపమాల. మధ్యలో అంతా ఆ కిటికీయే.

సాయంత్రం శవపెట్టె కోసం అన్నయ్య వడ్రంగి దగ్గరికి వెళ్లాడు. బయట వాన. కరెంటు లేదు. అమ్మా నేనూ కొవ్వొత్తి వెలుగులో నాన్న ఒళ్లు తుడిచాం. ఏళ్లుగా నేల తొక్కని ఆ పాదాలు పసివాడి పాదాల్లా మెత్తబడ్డాయి. గోళ్లు తీశాను. తెల్లచొక్కా తొడిగి, వేళ్లకు జపమాల చుట్టి, దుప్పటి కప్పాం.

వంటింట్లో మొహం కడుక్కుని వచ్చేసరికి గదంతా తడిమట్టి వాసన. అప్పుడే తవ్విన నేల వాసన...

దుప్పటి కొసన మరక. ఎత్తి చూశాను. చీలమండల దాకా బురద.

“అమ్మా... తలుపు తీశావా?”

“లేదే.”

కడిగాను. నీళ్లు పారబోసి వచ్చాను. మళ్లీ బురద. ఈసారి గోళ్లలో కూడా. అరచేతిలో బొబ్బ... పచ్చిది.

నేను గోడకు అతుక్కుపోయాను. అమ్మ మాత్రం లేచి, చెంగుతో ఆ చెయ్యి తుడిచింది.

“ఎంత చేసినా తృప్తి లేదు మీకు” అంది గుసగుసగా. కన్నీళ్లు ఆ మట్టి మీదే పడ్డాయి. “ఇక చాలండీ... పడుకోండి.”

తెల్లారేదాకా ఆ చెయ్యి వదల్లేదు. ఇక మట్టి రాలేదు.

మర్నాడు సమాధుల తోటలో, గుంత తవ్వే పెద్దాయన అన్నయ్యను పక్కకు పిలిచాడు. అమ్మా నేనూ వినేంత దూరంలోనే ఉన్నాం.

“నిన్న సాయంత్రం వానలో మీ మనిషెవరో సాయానికొచ్చాడు బాబూ. ముసలాయన. పలకరిస్తే పలకలేదు. పార పట్టాడంటే మాత్రం... అబ్బో! ఈ గుంత అయ్యాక పక్కన ఇంకోటి మొదలెట్టాడు. ఎవరికయ్యా అంటే తలెత్తలేదు. సగంలో ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు ఆగిపోయి, వెళ్లిపోయాడు.”

అమ్మ ఆ సగం గుంతలోకి చాలాసేపు చూసింది. ఏడవలేదు.

నాన్నను పూడ్చాక, అన్నయ్య పార అందుకుని దాన్నీ పూడ్చసాగాడు. గట్టు మీది మట్టంతా పోశాడు. పక్కనుంచి తెచ్చి పోశాడు.

గుంత నిండలేదు.