ఎవరికి ఎడమ?

రేణిగుంట ఆఫీసు మెట్ల మీద వాన జల్లు కొడుతోంది. త్రివిక్రమ్ గొడుగు విప్పి పట్టాడు. కోమలి దాన్ని మోచేత్తో తోసేసి వానలోకే దిగింది.

"తడుస్తావు కోమలీ."

"తడస్తాను. నీ గొడుగు కింద నిలబడేదానికంటే అదే మేలు."

"తప్పు నాదేనని ఒప్పుకుంటున్నాను కదా!"

"ఈడ, నా ఒక్కదాని ముందర ఒప్పుకుంటే ఏమొస్తాది? మీటింగులో నీ నోరు యాడ పెట్టుకున్యావు?"

అతను గొడుగు ముడిచాడు. అంతకుముందు మీటింగులో అతను నోరు విప్పలేదన్నది నిజం.

పాలు చల్లబరిచే కేంద్రాలకు కంట్రోల్ పెట్టెలు చేసే కంపెనీ అది. పెట్టె ఆన్ కాగానే లోపల ఏ పరికరం ఎక్కడుందో దాన్ని నడిపే మూల ప్రోగ్రాము, కెర్నల్, ఒక ఫైలు చదివి తెలుసుకుంటుంది. ఆ ఫైలు రాసేది త్రివిక్రమ్. పరీక్షించేది కోమలి. రెండు ట్యాంకుల వేడి కొలిచే రెండు సెన్సర్లకు అతను లెఫ్ట్, రైట్ అని పేర్లు పెట్టాడు.

"ఎవరికి లెఫ్ట్?" అని ఆమె అప్పుడే అడిగింది. "అది ఏం వస్తువో, ఏ అడ్రసులో ఉండాదో అదే పేరు పెట్టు. ట్యాంకు మీద పెయింటుతో రాసిన నంబరు లేబుల్‌లో పెట్టు."

"నా కుర్చీలో కూర్చుని చూడు, తెలుస్తుంది. నా లెఫ్ట్‌లో ఎప్పుడూ నువ్వే కదా ఉండేది!" అని నవ్వాడు.

ఆ నవ్వుకు కరిగి ఆమె సరేనంది. ఇప్పుడు తలచుకుంటే తన మీద తనకే ఒళ్ళు మండుతోంది.

పాకాల కేంద్రంలో ఫిట్టర్ పెట్టె తెర మీద ఆ పేర్లు చూసి, తను నిలబడిన తలుపు వైపు నుంచి వైర్లు కలిపాడు. అటు నుంచి చూస్తే ఎడమ కుడి అయింది. ఒక ట్యాంకు వేడిని పెట్టె రెండోదానిదనుకుంది. ఖాళీ ట్యాంకు చల్లబడింది. పాలున్న ట్యాంకుకు మోటారు ఆగిపోయింది. తెల్లారేసరికి పాలన్నీ విరిగిపోయాయి. అందులో కోమలి నాయన పెంచలయ్య పోసిన పాలూ ఉన్నాయి.

"టెస్టు చేసిందెవరు?" అన్నాడు మీటింగులో మేనేజర్ ఏకాంబరం. తలలన్నీ కోమలి వైపు తిరిగాయి. త్రివిక్రమ్ తల మాత్రం బల్ల మీదికి వాలింది. "రేపు పాకాలకు పోయి, తప్పు నీదని మీవాళ్ళకు నువ్వే చెప్పుకో," అని తేల్చేశాడు ఏకాంబరం.

వానలో నిలబడి కోమలి వెనక్కి తిరిగింది.

"ఆదివారం మా నాయనతో పెండ్లి మాట మాట్లాడతానంటివే. రావద్దు."

"దీనికీ దానికీ ఏం సంబంధం?"

"ఉండాది. లోకమంతా నీ కుర్చీలోంచే సూస్తావు నువ్వు. నా కుర్చీలోంచి ఒక్కసారన్నా సూసినావా?"

మరునాడు పొద్దున పాకాల కేంద్రంలో పాలు పోసేవాళ్ళంతా గుంపుగా నిలబడి ఉన్నారు.

"ఏమ్మే కోమలీ," అంది గురవమ్మ. "పాలు సల్లబెట్టే మిషనంటిరి. ఇరగ్గొట్టే మిషనని ముందే చెప్పింటే బర్రెను పిండకనే ఉందుము గదే!"

అందరూ నవ్వారు. పెంచలయ్య మాత్రం ఖాళీ క్యాను పక్కన పెట్టుకుని నేల చూస్తున్నాడు. కోమలి ఆయన వైపు నుంచి చూపు తిప్పుకుంది. తప్పు తనదని చెప్పడానికి నోరు తెరిచింది.

బైకు వచ్చి ఆగింది. త్రివిక్రమ్. నిలువెల్లా తడిసి ఉన్నాడు.

"పాలు విరిగింది ఈమె వల్ల కాదు. నా వల్ల," అన్నాడు. "పేర్లు పెట్టింది నేను. మార్చమని ఈమె చెప్పింది, నేను వినలేదు. నిన్న నింద ఈమె మీద పడుతుంటే నోరు మూసుకున్నాను. మేనేజర్‌కు కూడా ఇదే చెప్పి వచ్చాను."

గురవమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "సదువుకున్నోడివి గదప్పా. ఎడమ చెయ్యి ఏదో తెలీదా నీకు?"

"తెలుసమ్మా. ఎదురుగా ఉన్నవాళ్ళకు అది కుడి అని తెలీలేదు."

పెంచలయ్య తలెత్తాడు. "ఎవరే ఈ అబ్బోడు?"

"ఆదివారం వస్తానన్నోడు నాయనా."

"ఈపొద్దు గురువారం గదా!"

త్రివిక్రమ్ ఫోన్ ఆమె చేతికిచ్చాడు. కొత్త ఫైలు. ఉష్ణోగ్రత సెన్సర్ అని పేరు, పక్కన దాని అడ్రసు, లేబుల్‌లో ట్యాంకు నంబరు. ఆమె వరుస వరుసా తప్పు కోసం వెతికింది. దొరకలేదు. కోపం ఇంకా పెరిగింది.

"ముందే ఇట్ల రాసేదానికి నీకేం రోగం?"

"ఈసారి నీ కుర్చీలో కూర్చుని రాశాను." అతను గొంతు తగ్గించాడు. "నువ్వు లేకుండా నావల్ల కాదు కోమలీ. క్షమించావా?"

"లేదు. సాయంత్రం పాలు పోసేవాళ్ళు వేరే ఉండారు. వాళ్ళు ఇంకా నన్నే తిడతాండారు."

"వాళ్ళకూ చెప్పే పోతాను."

"అందాకా యాడుంటావు?"

పెంచలయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇంట్లో ఉంటాడు. ఆ క్యాను పట్టుకొని రమ్మను," అని ముందు నడిచాడు.

త్రివిక్రమ్ ఒక పిడి పట్టుకున్నాడు. కోమలి వచ్చి, అతని ముఖం వైపు చూడకుండానే రెండో పిడి పట్టుకుంది.

"మే, ఖాళీ క్యాను మోసేదానికి ఇద్దరు కావాల్నా?" అని గురవమ్మ వెనకనుంచి అరిచింది.

"కావాల!" అంది కోమలి, కోపంగానే.