రోజూ రాలిపోయే ఆకు

టీ దించాక గ్యాస్ కట్టేశానా లేదా అని వంటింట్లోకి మళ్ళీ వెళ్ళి చూసుకోవడం ఆమెకి అలవాటు. కట్టే ఉంటుంది. అయినా పిడి మీద చెయ్యి వేసి గట్టిగా తిప్పి చూస్తేగానీ మనసు కుదుటపడదు. కుళాయి, ఇస్త్రీ పెట్టె, కుట్టుగది స్విచ్చి, అన్నిటికీ ఇదే పరామర్శ. "మీ అమ్మ వాన పడుతుంటే మబ్బుని కూడా కట్టేసి వస్తుంది" అనేవాడు ఆమె భర్త కూతురితో. ఆ మాట అని నవ్వే మనిషి పోయి ఏడాది దాటింది.

ఆ ఉదయం కూతురు హాల్లో నిలబడి, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని జడ వేసుకుంటోంది. పెద్ద ఆఫీసులో సర్వర్లు చూసుకునే ఉద్యోగం. ఒక్కో సర్వర్‌లో బోలెడన్ని కంప్యూటర్లు కాపురముంటాయని, వాటికి విడిగా పెట్టెలేవీ ఉండవని, వాటినే వర్చువల్ మెషీన్లంటారని తల్లికి తెలుసు. అంతకు మించి తెలీదు.

"అప్పుడే రీస్టార్ట్ కొట్టకండి! ముందు డిస్క్ నిండిందేమో చూడండి," అంటోంది కూతురు ఫోన్లో. "మెషీన్ లోపలే కాదు, అది నడిచే సర్వర్‌లో కూడా చూడాలి. ఏంటీ, స్నాప్‌షాట్ నెలల కిందటిదా? ఏదైనా మార్చే ముందు వెనక్కి రావడానికి గుర్తుగా పెట్టుకుంటాం, పని కాగానే తీసెయ్యాలండీ. పాతదాన్ని పట్టుకుని వేలాడితే ఎలా? అది బ్యాకప్ కాదు."

ఫోన్ పెట్టేసే సందు కోసమే తల్లి కాచుకుని ఉంది.

"ఏమ్మా, నాన్న కంప్యూటర్‌లో ఏదైనా చేసి సేవ్ చేస్తే, నిలుస్తుంది కదూ?"

"ఎందుకు నిలవదమ్మా?" చెప్పులేసుకుంటూ అంది కూతురు. "నువ్వేం చేస్తావందులో?"

"నేనేం చేస్తాను? ఊరికే అడిగా."

బూడిదరంగు శాలువా భుజాన వేసుకుని కూతురు వెళ్ళిపోయింది. తల్లి తలుపు గడియ వేసి, లాగి చూసుకుంది. సేవ్ చేసింది నిలుస్తుందంటే, తను అసలు చెయ్యలేదన్నమాట. చేశాననుకుంటోందన్నమాట.

వాళ్ళది ఎంబ్రాయిడరీ పని. కంప్యూటర్లో డిజైన్లు వేసేది ఆయన, మిషన్‌కి గుడ్డ బిగించి కుట్టేది ఆమె. ఆయన వాడే సాఫ్ట్‌వేర్ మరీ పాతది, కొత్త కంప్యూటర్లు దాన్ని గడప తొక్కనివ్వవు. పాత కంప్యూటర్ మూలగడం మొదలుపెట్టినప్పుడు కూతురే దాన్ని ఉన్నదున్నట్టుగా కొత్తదాని లోపలికి వర్చువల్ మెషీన్‌గా దింపింది. "ఇల్లు మారినా సామాన్లు ఎక్కడివక్కడే ఉన్నాయే గోరింకా!" అని ఆయన మురిసిపోయాడు. కూతుర్ని ఆయన పిలిచేది అలాగే. ఒక మధ్యాహ్నం తీగ అంచు ఒకటి వేస్తూ వేస్తూ, కాస్త నడుం వాల్చి వస్తానని లేచాడు. మళ్ళీ ఆ కుర్చీలోకి రాలేదు.

ఆ తీగ ఎవరికోసమో ఆమె ఒక్కదానికే తెలుసు. సర్వర్ గదిలో చలెక్కువని కూతురు కప్పుకెళ్ళే ఆ బూడిదరంగు శాలువాకి. కూతురికి తెలీకుండా అంచు పూర్తి చేసి, ఆ భుజాల మీద తనే కప్పాలని ఆమె కోరిక. అందుకే రోజూ కూతురు వెళ్ళాక కూర్చుంటుంది. ఆయన వెనక నిలబడి చూసిన విద్యే తప్ప మౌస్ సరిగ్గా చేతికి లొంగదు. పూటంతా కష్టపడితే ఒక ఆకు. సేవ్ చేసి, షట్‌డౌన్ చేసి, స్విచ్చి కట్టేసి, కట్టేశానా అని మళ్ళీ వచ్చి చూసుకుని పోతుంది.

మర్నాడు తెరిస్తే ఆకు ఉండదు. తీగ ఆయన వదిలిన చోటే ఆగి ఉంటుంది. తెర మూలన గడియారం కూడా రోజూ ఒకే సాయంత్రం వేళ నుంచి మొదలవుతుంది. పాతది కదా, పాడై ఉంటుందనుకుంది.

మొదట్లో, తను వేసిన ఆకు ఆయనకి నచ్చలేదేమో అనుకుంది. వంకరగా ఉందని కిమ్మనకుండా చెరిపేసి వెళ్ళాడేమోనని. ఆ ఊహలో ఒక తీపి ఉంది: వస్తున్నాడన్నమాటేగా. ఒకరోజు కావాలనే వంకరటింకరగా వేసి, "ఇదీ నచ్చలేదా? అయితే వచ్చి దిద్దండి మరి," అని తెరతో చెప్పింది. చాలాసేపు అలాగే కూర్చుంది.

తర్వాత భయం పట్టుకుంది. ఆమె కన్నతల్లి చివరి రోజుల్లో ఆమెనే చూసి, "ఎవరమ్మా నువ్వు?" అని అడిగింది. తనకీ అదే మొదలైందా? రేపు కూతురి ముఖం కూడా ఇలాగే తుడిచిపెట్టుకుపోతుందా? అప్పట్నుంచి స్నానం చేస్తూ కూతురి ఫోన్ నంబరు, చుట్టాల పేర్లు వల్లెవేసుకుంటోంది.

"ఏంటొదినా, ఆ ముఖం? ఇవాళ ఏ భూకంపం రాబోతోంది?" అంటూ ఆ పూటే వచ్చింది ఆడపడుచు. పక్క వీధిలోనే ఉంటుంది, రోజూ దారాలు కత్తిరించడానికి వస్తుంది.

ఆమె ఇక దాచలేకపోయింది. అంతా విని ఆడపడుచు కత్తెర పక్కన పెట్టింది.

"మతే పోయేట్టయితే నువ్వు ముందు గ్యాస్ కట్టెయ్యడం మర్చిపోవాలి. మర్చిపోయావా?"

"లేదు."

"అయితే నీకేం పోలేదు. ఇవాళ ఆకు నా కళ్ళముందు వెయ్యి. వెంటనే గుడ్డ మీద కుట్టిద్దాం. తెర మీద పోతే పోనీ, దారం ఎక్కడికి పోతుందో చూస్తాను."

అలాగే చేశారు. మిషన్ గడగడమంటూ తెల్లగుడ్డ మీద ఆయన తీగనీ, దాని చివర ఆమె ఆకునీ కుట్టి పెట్టింది. ఆ గుడ్డని ఆమె రాత్రంతా దిండు కింద పెట్టుకుంది.

మర్నాడు కూతురికి సెలవు. ఆడపడుచు కూడా పెందలాడే దిగింది. కూతుర్ని పిలిచి పక్కన నిలబెట్టి, తల్లి కంప్యూటర్ తెరిచింది. తీగ ఉంది. ఆకు లేదు. గుడ్డ తీసి తెర పక్కన పట్టుకుంది.

"ఇదిగో, నిన్న నేను వేసిన ఆకు. మీ అత్త సాక్షి. నాకు మతి పోలేదు కదా? మరి దీన్ని రోజూ ఎవరు చెరుపుతున్నారే?"

కూతురు గుడ్డ మీది ఆకుని ముట్టుకుంది. "రోజూనా? నువ్వు రోజూ వేస్తున్నావా అమ్మా?"

"అడిగిందానికి చెప్పు."

"నేనే." కూతురు ఆయన కుర్చీ వీపు పట్టుకుంది. "నాన్న పోయిన సాయంత్రం మీరందరూ హాల్లో ఉంటే నేనిక్కడికొచ్చాను. మెషీన్ ఇంకా నడుస్తూనే ఉంది. నాన్న చెయ్యి తీసిన చోటే మౌస్ బాణం ఆగి ఉంది. నాకేం తోచలేదు. ఆ క్షణానికి గుర్తుగా స్నాప్‌షాట్ పెట్టేశాను. ఎప్పుడు షట్‌డౌన్ చేసినా మళ్ళీ ఆ నిమిషానికే వెళ్ళిపోయేలా పెట్టాను. గడియారం దిద్దుకోకుండా కూడా ఆపేశాను."

"నన్ను పిచ్చిదాన్ని చేశావు కదే!" తల్లి గుడ్డని బల్ల మీద పడేసింది. "నీ ముఖం మర్చిపోతానేమోనని నువ్వు నిద్రపోతుంటే వచ్చి చూసుకుంటున్నాను, తెలుసా? మీ నాన్నే వచ్చి చెరుపుతున్నారనుకుని ఆయనతో పోట్లాడాను కూడా!"

"ఊరికే చూసుకోవడానికి తెరుస్తున్నావనుకున్నానమ్మా. చెయ్యి తగిలి నాన్న వేసింది పాడైపోతుందేమోనని... షట్‌డౌన్ చెయ్యకుండా వదిలేసినా నీ ఆకు ఉండేది."

"మీ అమ్మా? కట్టెయ్యకుండా వదలడమా?" అంది ఆడపడుచు, కళ్ళు తుడుచుకుంటూనే.

తల్లి మెల్లగా అంది. "నిన్న ఫోన్లో ఎవరికో చెప్పావుగా, పాతదాన్ని పట్టుకుని వేలాడకూడదని."

"వాళ్ళది సర్వరమ్మా," అంది కూతురు. "ఇది నాన్న."

తల్లి కోపమంతా ఆ మాటతో కారిపోయింది. కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "ఆ తీగ ఎవరికనుకున్నావు? నీ శాలువాకి. అక్కడ చలికి వణుకుతుంటావని, బూడిదరంగు మీద ఏ రంగు బాగుంటుందని నన్ను అడిగారు. నువ్వు ఆయన్ని అక్కడే ఆపేస్తే, నీకివ్వాలనుకున్నది నీకెలా అందుతుందే?"

కూతురు తల్లి భుజంలో ముఖం దాచుకుని, ఆ సాయంత్రం ఏడవనిది ఇప్పుడు ఏడ్చింది.

ఏడుపు తగ్గాక ముక్కు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. మెషీన్ ఆపి, దాన్ని మొత్తంగా వేరే డిస్క్‌లోకి కాపీ పెట్టింది. "ఏం చెయ్యాలన్నా ముందు కాపీ. అదీ ఈ కంప్యూటర్లో కాదు, విడిగా. ఆ సాయంత్రం ఇందులో ఉంటుంది. కావాలంటే ఎప్పుడైనా వెళ్ళి చూసుకోవచ్చు." ఆ డిస్క్‌ని తల్లి బీరువాలో బట్టల మధ్య పెట్టి తాళం వేసింది, లాగి చూసింది.

వెనక్కి వెళ్ళే అమరిక కూతురు తీసేసింది, గడియారాన్ని మళ్ళీ దిద్దుకోనిచ్చింది. తల్లి కూర్చుని మళ్ళీ ఆకు వేసింది. మౌస్ మీద ఆమె చేతికి కూతురి చెయ్యి ఆసరా అయింది. సేవ్ చేశారు. అప్పుడు తెర మీద స్నాప్‌షాట్ తీసెయ్యమంటావా అన్న ప్రశ్న వచ్చింది. తల్లి గభాల్న కూతురి మణికట్టు పట్టుకుంది.

"వద్దే! అది తీసేస్తే ఆయన వేసిందంతా పోతుందేమో!"

"పోదమ్మా. పోయేది ఆ గుర్తొక్కటే. ఇప్పుడు నాన్న వేసింది ఒకచోట, నువ్వు వేసింది ఒకచోట విడివిడిగా ఉన్నాయి. గుర్తు తీసేస్తే రెండూ కలిసిపోతాయి. ఇక విడదియ్యడం కుదరదు."

"ఇక విడదియ్యడం కుదరదా?"

"కుదరదు."

తల్లి పట్టు వదిలింది. "అయితే తీసెయ్యి."

తర్వాత షట్‌డౌన్ చేసింది కూడా ఆమే. మళ్ళీ తెరిచింది, కూతురు డిజైన్ పైకి తెచ్చింది. ఆయన తీగ చివర, కాస్త వంకరగా, ఆమె ఆకు ఉంది. మూలన గడియారం ఈ ఉదయాన్ని చూపిస్తోంది.

ఆమె వేలితో తెర మీద ఆ ఆకుని తడిమింది. "వంకరగా ఉన్నా ఉంచేశారే," అంది, ఎవరితోనో.

ఆ పూట గ్యాస్ కట్టేశానా అన్న సంగతి ఆమెకి గుర్తే రాలేదు. కూతురే వంటింట్లోకి వెళ్ళి, పిడి మీద చెయ్యి వేసి, గట్టిగా తిప్పి చూసి వచ్చింది.