పాస్‌పోర్ట్ ఉన్న పీనుగు

“వాళ్లకొక పీనుగు కావాల్నట. అల్లాటప్పా పీనుగు గాదు, బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉన్న పీనుగు.”

రాంగోపాల్‌పేట్‌లో దర్జీ దుకాణం మాటున భారత రహస్య శాఖను నడిపే వీరయ్య, ఏజెంట్ తుకారాం భుజాలు కొలుస్తూ అన్నాడు. అది 1948 సెప్టెంబర్. సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి అడుగుపెట్టి రెండు రోజులైంది.

“ఎందుకట?”

“రేపు నిజాం కేసు భద్రతా మండలి ముందుకొస్తది. ఇది ఇండియా ఇంటి లొల్లి అంటే కేస్ క్లోజ్. ఒక్క బ్రిటిష్ మనిషి చచ్చిండనుకో, ఇంటర్నేషనల్ లొల్లి. ఫౌజు ఆగుతది, నిజాంకు తుపాకులమ్మే ఈ ముఠా దందా నడుస్తది. ఆ పీనుగెవరో ఇయ్యాలనే తెలవాలె.”

తుకారాం ఆ ముఠా నాయకుడు డాక్టర్ హెండ్రిక్స్‌కు సికింద్రాబాద్ క్లబ్బులో బేరర్ వేషంలో మూడు వారాలుగా విస్కీ పోస్తున్నాడు. సార్వభౌమత్వం, చిన్న దేశాల హక్కులు, యూరప్‌లో బలాల సమతూకం అంటూ ఆయన వల్లిస్తుంటే, ఎంత చదువుకున్నాడో పాపం అనుకున్నాడు. థూ! ఆ చదువంతా ఇందుకా?

సాయంత్రం క్లబ్బు వరండాలో ఆలిస్ ఎదురైంది. బొల్లారం పాటగత్తె, ముఠాకూ వీరయ్యకూ ఇద్దరికీ వార్తలు మోసే డబుల్ ఏజెంట్. పచ్చ గౌనులో ధగధగలాడుతోంది.

“ఐస్ ఎక్కువెయ్యి,” అంది. వార్త ఉందని కోడ్.

“చెప్పున్రి మేడం.”

“ఆరింటికి కారెక్కుతున్న. లండన్! డాక్టర్ పాస్‌పోర్ట్ సుత ఇప్పించిండు, చూడు. బ్రిటిష్‌ది!”

తుకారాం చూపు ఆమె చంకలోని చిన్న పెట్టె మీద పడింది.

“ఆ పెట్టె?”

“గడియారమట. లండన్‌లనే తెరువమన్నడు.”

చెవి పెట్టాడు. టిక్, టిక్. ఆరుకు ఇంకొక్క నిమిషమే ఉంది.

పెట్టె లాక్కుని, టెన్నిస్ కోర్టు దాటి పరుగెత్తి, వెనకనున్న పాడుబావిలోకి విసిరి నేలకు కరుచుకున్నాడు. భూమి అదిరింది. మట్టి దులుపుకొని లేచేసరికి ఆలిస్ వెనకే వచ్చి నిలబడి ఉంది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

ఇద్దరూ బార్‌లోకి వెళ్లారు. ఇంత పేలుడు జరిగితే హెండ్రిక్స్ కిటికీలోంచి తొంగి కూడా చూడలేదు. ముందే టైపు చేయించుకున్న కాగితం పట్టుకుని ఫోన్‌లో పత్రికల వాళ్లకు గొంతు గద్గదం చేసుకుని చదువుతున్నాడు: “స్వేచ్ఛ కోసం బలైన మా ప్రియ పౌరురాలు...”

తుకారాం బార్ బల్ల మీది ట్రే కింద దాచిన పిస్తోలు తీసి ఆయన మెడకు ఆనించాడు. సిగ్గులేని ఆ ముఖాన్ని తాకాలన్నా చేతికి అసహ్యం వేసింది.

ఆలిస్ కాగితం తీసుకుని, ఆసాంతం ఓపిగ్గా చదివింది.

“అంతా బాగుంది డాక్టర్,” అంది. “ఇంతకీ నా పేరుండాల్సిన కాడ ఈ ఆగ్నెస్ ఎవరు?”