పక్క మీద నలుసులు

పొద్దున్నే పక్క దులపబోయిన కోడలికి మామగారి దుప్పటి మీద మళ్ళీ అవే కనిపించాయి. పసుప్పచ్చని నలుసులు. దిండు దగ్గర ఎక్కువ, కాళ్ళ వైపు తక్కువ. నిన్ననే ఉతికి ఆరేసిన దుప్పటి.

"మామయ్యా, మళ్ళీ బిస్కెట్లా?"

ఆయన షుగరు మనిషి. డాక్టరు గట్టిగా చెప్పినప్పటి నుంచి ఇంట్లో తీపన్నది కంటబడకుండా దాచేస్తోందామె. కుట్టుమిషను ముందు కూర్చున్నా చెవి మాత్రం వంటింటి డబ్బాల మీదే.

కిటికీ దగ్గర గడ్డం గీసుకుంటున్న ముసలాయన చెయ్యి ఆగిపోయింది. "నేను తినలేదమ్మాయ్."

"మరి ఇవేంటి? ఆకాశం నుంచి రాలాయా?"

"ఎక్కణ్ణుంచి రాలాయో నాకేం తెలుసు? తినలేదంటే తినలేదు."

డ్యూటీకి బయల్దేరుతున్న కొడుకు చొక్కా గుండీలు పెట్టుకుంటూ తొంగిచూశాడు. బస్సు డ్రైవరతను. "ఒప్పేసుకో నాన్నా, ఓ పనైపోతుంది. దొరికిపోయాక బుకాయింపెందుకు?" అని నవ్వాడు.

ఆ నవ్వే తగిలింది. మొహం మీద నురగైనా తుడుచుకోకుండా ముసలాయన మంచం కింది సంచి లాగాడు. "ఊరందరి వాచీలూ బాగుచేశాను. బంగారు వాచీలు నా బల్ల మీద వదిలేసి పోయేవాళ్ళు. అలాంటివాణ్ణి ఈ ఇంట్లో బిస్కెట్ల దొంగనయ్యాను. మీ అక్క దగ్గరికి పోతాన్రా."

"మామయ్యా, మీ ఒంటి కోసమేగా అన్నాను!"

"ఒంటికేం, బాగానే ఉంది. మాటకే విలువ లేకుండా పోయింది."

"నేను లేందే బస్సు కదలదు" అంటూ డ్రైవరు మెల్లగా జారుకున్నాడు.

ఆమెకి ఏడుపొచ్చింది. దుప్పటి పెరట్లోకి పట్టుకెళ్ళి దులిపింది. నలుసులు గట్టు మీద, చీమల బారు పక్కనే రాలాయి. మెతుకు పడితే చాలు, మోసుకుపోయే చీమలవి. ఒకటి వచ్చి, మీసాలతో తడిమి, తప్పుకుని పోయింది. ఇంకోటీ అంతే.

ఆమె గొంతుక్కూచుని ఒక నలుసుని వేళ్ళతో నలిపింది. బిస్కెట్టయితే పిండైపోవాలి. ఇది జిగటగా వేలికి అంటుకుంది. పాత రబ్బరు వాసన. చెంబులో నీళ్ళలో వేస్తే కరక్కుండా తేలింది.

గబగబా లోపలికొచ్చి దిండు విప్పింది. పై గలేబు వారం వారం మారుస్తుంది గానీ లోపలి గుడ్డ ఎప్పుడూ చూడలేదు. దాని కుట్టు ఓ మూల విడిపోయి ఉంది. తట్టగానే చివికిన స్పాంజి పొడిపొడిగా ఒళ్ళో రాలింది. మెడనొప్పికి మంచిదని తనే కొని తెచ్చిన దిండు. రోజంతా ఊళ్ళోవాళ్ళ కుట్లు సరిచేసే తన కళ్ళకి ఇంట్లో కుట్టు ఆనలేదు.

ముసలాయన అప్పటికే గుమ్మం దగ్గరున్నాడు. ఆమె దిండుతో అడ్డంగా నిలబడింది.

"దొంగ దొరికింది మామయ్యా. ఇదిగో." విడిపోయిన కుట్టు చూపించింది. "మీ మాట నమ్మాల్సింది. తప్పు నాది."

ఆయన చిటికెడు పొడి తీసి వెలుతురుకి పట్టి చూశాడు. తర్వాత ఆమె కళ్ళలోకి చూశాడు. సంచి కింద పెట్టేశాడు.

"ఇకమీదట నా మాట నమ్ముతావా?"

"నమ్ముతాను."

"అయితే ఒక నిజం చెబుతా, అరవకు. సాయంత్రాలు టీ కొట్టు దగ్గర... టీలో పంచదార వేయించుకుంటున్నాను."

ఆమె నోరు తెరిచి, మూసి, తడికళ్ళతోనే ఫక్కున నవ్వింది.

"నమ్మేశాను మామయ్యా. ఇవాళ్టి నుంచి టీకి నేనూ తోడొస్తాను."