నాలుగో బోల్టు

ఆ గిటార్ బడిలో మెట్ల కింద గది ఒకటుంది. పొద్దుగూకితే అటు ఎవరూ తొంగిచూడరు. ముందు హాల్లో గిటార్ మోగితే చాలు, మనిషి లేని ఆ గదిలోంచి సన్నగా ఎవరో తోడుపాడతారుట... హాల్లో ఆపితే అక్కడా ఆగిపోతుందిట.

పిల్లలు ఒక్కొక్కరే మానేస్తున్నారు. గిటార్ పంతులమ్మ గుండెలో రాయి పడింది.

గదిలో ఉన్నదల్లా యాంప్లిఫయర్ పెట్టె. హాలు ఇరుకని దాన్ని ఇక్కడ పెట్టి, గోడలోంచి హాల్లో గిటార్‌కీ, స్పీకర్‌కీ వైర్లు లాగారు. దానికి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టిన వైండింగ్ మేస్త్రికే కబురంపింది.

ఆయన మూడేళ్ళుగా ఒంటరి. అంతకు ముందు తీగ ఆయన చుట్టేవాడు, ఆ చుట్ట మధ్యలో రేకులు భార్య పేర్చేది. అట్టముక్కంత పలచని ఇనప రేకులు — ఒకటి ఇటు, ఒకటి అటు, మధ్యన సందు లేకుండా. సందుంటే పాట పీలగా వస్తుందిట. ఆమె పేర్చినదైతే నిండుగా పలుకుతుందని, వాయించేవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవారు. ఆమె పోయాక ఆయన కొత్తది ఒక్కటీ చెయ్యలేదు.

"పొద్దున్నే పాతసామాన్లవాడొస్తాడు మేస్త్రిగారూ. ఈ రాత్రికి ఇది నోరు మూసిందా సరి, లేదా వాడికిచ్చేస్తా."

"ఇచ్చెయ్యకండమ్మా... మా ఆవిడ చేతిది."

"అందుకేనన్నమాట, మాటకి మాట చెబుతోంది!" అని నవ్వబోయి, ఆయన మొహం చూసి నాలిక్కరుచుకుంది. మేడెక్కి వెళ్ళిపోయింది.

ఆయన తలుపు గొళ్ళెం పెట్టుకున్నాడు. స్పీకర్ వైరు పీకేసి, యాంప్లిఫయర్ కాలిపోకుండా దాని చోట, కరెంటు మింగడమే తప్ప చప్పుడు చెయ్యని రెసిస్టెన్స్ ఒకటి తగిలించాడు. ఇక ఆ గదిలో పలకడానికి నోరంటూ లేదు.

హాల్లోంచి తెచ్చుకున్న బల్ల మీద కూర్చుని, గిటార్‌ని యాంప్లిఫయర్‌కి తగిలించి, ఒళ్ళో పెట్టుకుని మీటాడు.

పలికింది...

ఒళ్ళో గిటార్ కాదు. మోకాళ్ళ దగ్గర పెట్టె. పని చేసుకుంటూ ఎవరో ముక్కుతో కూనిరాగం తీసినట్టు — ఇనుములోంచి.

ఆయనకి తెలియనిది కాదు. రేకులు వదులైతే పాటకి వణుకుతాయి, వణికితే పాడతాయి. అయినా... తను బిగించినది వదులవడమేమిటి?

కరెంటు తీసేసి, లోపలి చార్జి దిగేదాకా ఆగి, మూత విప్పి టార్చి వేశాడు.

నాలుగు బోల్టులు. బిగించాక ప్రతి నట్టు మీదా ఎర్ర రంగు చుక్క పెట్టడం ఆయన అలవాటు. ఇక్కడ... ఒక్క చుక్కా లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ళ కిందట ఆ మధ్యాహ్నం భార్య ఆఖరి రేకు దోపి, బోల్టులు దూర్చి, "అయిపోయిందండీ, బిగించేయండి" అంది. ఉండు, చెయ్యి కడుక్కొస్తానన్నాడు. వచ్చేసరికి గోడకి ఆనుకుని ఉంది — కళ్ళు తెరిచే ఉన్నాయి, ఊపిరి లేదు. ఆ గందరగోళంలో దాన్ని ఎవరు పట్టుకెళ్ళి ఇందులో అమర్చారో ఆయనెరగడు.

మూడేళ్ళు... ఈ చీకట్లో, బిగించే చెయ్యి కోసం.

ఒకటి బిగించాడు. రెండు. మూడు.

నాలుగో దాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. బిగిస్తే ఇక పాడదు. బిగించకపోతే పొద్దున్నే తుక్కులోకి పోతుంది. ఇంటికెళ్తే పలకరించే దిక్కు లేదు... ఉన్నది ఈ కాస్త గొంతే.

ఆమె పేర్చిన రేకుల అంచుని వేలితో ఒకసారి నిమిరాడు.

"ఆలస్యం చేశానే," అన్నాడు గుసగుసగా. బిగించాడు.

మూత వేసి, కరెంటిచ్చి, మీటాడు. పెట్టెలో ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అప్పుడు — సరిగ్గా భుజం వెనకాల —

"హమ్మయ్య..."

టార్చి గిర్రున తిప్పాడు. గొళ్ళెం పెట్టినది పెట్టినట్టే ఉంది. మేడ మీంచి పంతులమ్మ గురక వినబడుతోంది. కానీ ముప్పై ఏళ్ళు విన్న గొంతు ఆయన పోల్చుకోలేడా?

భయపడలేదుట. టార్చి ఆర్పేసి, గిటార్ కింద పెట్టి, బల్ల మీద కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడుట.