కలలో ఎర్రమట్టి

ముదస్సిర్ మొదటిసారి సబీహా ముందుకు వచ్చినప్పుడు ప్రేమేమీ పుట్టలేదు. దుమ్ము లేచింది.

జహీరాబాద్ బస్టాండు దగ్గర బాలమణి జిరాక్స్ షాపులో సబీహా పని చేస్తుంది. మట్టి పరీక్ష ఫారం నింపించుకుందామని కోహీర్ నుంచి వచ్చిన ముదస్సిర్, తన పొలం మట్టి సంచిని తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. మూతి ఊడింది. అప్పుడే ప్రింటయిన నలభై తెల్ల ఫారాల మీద ఎర్రమట్టి పరుచుకుంది.

"పొలం వివరాలు తెమ్మన్నం గని, పొలమే తెమ్మన్నమా సార్?"

"సారీ మేడం. జర ఫారం నింపుతరా?"

"నిండింది గద, చూడున్రి."

ఆ తర్వాత ఆరు నెలల్లో ఒకే పాస్‌బుక్కును పద్నాలుగుసార్లు జిరాక్స్ తీయించుకున్న రైతు జిల్లాలో ఇంకొకడు ఉండడు. బాలమణి లోపల నవ్వుకుని, చిల్లర మాత్రం సరిగ్గా తీసుకునేది.

పోయిన ఆదివారం అతని తల్లి రఫియా బేగం సంబంధం అడిగింది. జవాబు కోసం శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత వస్తామంది.

సబీహా వెంటనే సరే అనలేకపోయింది. రెండేళ్ల క్రితం ఆమెకు కుదిరిన సంబంధం ఒకటి తప్పిపోయింది. "పిల్ల నోరు పెద్దది, సంసారం నిలబెట్టదు" అని అటువాళ్లు కబురు పంపారు. నోరు అలాగే ఉంది కానీ, ధైర్యం చిన్నదైపోయింది. అప్పటినుంచి కిలో టమాటాలు కొన్నా, మంచివేనా అని ఇద్దరిని అడుగుతుంది. ఇక మొగుణ్ణి ఎవరినడిగి ఎంచుకోవాలి?

బుధవారం పడుకునే ముందు, ఏది మేలో అటు నడిపించమని అల్లాను వేడుకునే ఇస్తిఖారా నమాజు చదివింది. కల వచ్చింది. కంటికి ఆనినంత మేర ఎర్రమట్టి.

"ఇస్తిఖారా కలల తెల్లది, పచ్చది అవుపడితే మంచిది. ఎర్రదైతే వద్దని అర్థం," తల్లి పోయినప్పటినుంచి ఆమెను పెంచిన పిన్ని జమీలా ఖాలా కల విని తేల్చేసింది. "వాళ్లు రానీ, నేనే చెప్త."

సబీహాకు ఊపిరి తేలికైంది. కానీ ఆ రోజంతా షాపు గుమ్మం వైపే చూసింది.

శుక్రవారం పొద్దున ముదస్సిర్ షాపుకొచ్చాడు. చేతిలో కాయితం లేదు.

"కల మంచిగ రాలేదని ఖాలా మా అమ్మీకి ఫోన్ల ఇషారా ఇచ్చిన్రు. కలల నేనేమన్న తప్పు చేసిన్నా?"

"మీరు లేరు. మట్టే ఉంది."

"మట్టి చేసిన తప్పుకు నాకు సజానా?" అన్నాడు కానీ, నవ్వలేదు. "కల సంగతి విన్న. మీ సంగతేంది?"

సబీహా కౌంటరు మీది స్టేప్లర్‌ను అటూ ఇటూ జరిపింది.

"సంసారం నాతోని చెడిపోతే?" అంది చివరికి. "నా మీద నాకే నమ్మకం లేదు."

"నాకుంది. గని నా నమ్మకంతోని మీరు బతకలేరు గద." అతను వెళ్లిపోయాడు.

మసీదు కోసం రెండు వందల కాపీలు తీయాల్సి ఉంది. ఇస్తిఖారాలో వేడుకునే దుఆ, కింద తెలుగులో అర్థం. మిషన్ మధ్యలో కాయితం మింగి ఆగింది. సబీహా నలిగిన కాయితాన్ని లాగి, విప్పి చూసింది. అరబ్బీ ఆమెకు కంఠతా వచ్చు. కింది తెలుగు దగ్గర ఎప్పుడూ ఆగింది లేదు.

ఇప్పుడు ఆగింది. అందులో కల లేదు. రంగుల్లేవు. నాకు తెలియదు, నీకు తెలుసని ఒప్పుకోవడం ఉంది. మేలైతే సులువు చేయమని, కాకపోతే మళ్లించమని అడగడం ఉంది. అంతే.

ఆరు నెలలు ఎర్రమట్టి మనిషినే తలుచుకుంటే కలలో మంచు కురుస్తుందా? రేపు ఏదైనా చెడితే కల మీదికి నెట్టేయొచ్చని కదా, తను గుర్తుల కోసం చూసింది! రెండేళ్ల క్రితం ఎవరో వద్దన్నారని, అల్లా కూడా తనను వద్దన్నాడని తనే రాసేసుకుంది.

ఇంటికెళ్లి మధ్యాహ్నం జొహర్ నమాజు చదివింది. ఏ గుర్తూ అడగలేదు. "నాకు తెలియదు" అని చెప్పుకోవడానికి మొదటిసారి సిగ్గనిపించలేదు.

అసర్ తర్వాత రఫియా బేగం, ముదస్సిర్ చుట్టాలతో వచ్చారు. టీలయ్యాయి. ఖాలా గొంతు సవరించుకుంది. "ఏమనుకోకున్రి, పిల్లకు కలల..."

"ఖాలా, జర ఆగు. నేను చెప్త."

పరదా జరిపి సబీహా ముందుకొచ్చింది. దుపట్టా అంచు గట్టిగా పట్టుకుంది. ముదస్సిర్ కప్పును సాసర్లో పెట్టబోయి గాల్లోనే ఆపాడు.

"కలల ఎర్రమట్టి వచ్చింది నిజమే. కోహీర్ మట్టి ఇంకే రంగుల వస్తది? ముందు ఏమైతదో నాకు తెల్వదు. అల్లాకు తెలుసు. ఆయన మీద నమ్మకంతోని చెప్తున్న." ముదస్సిర్ వైపు చూసింది. "నాకు ఇష్టమే."

"చూసిన్రా నోరు!" ఖాలా నెత్తి పట్టుకుంది.

రఫియా బేగం లేచి సబీహా చెయ్యి పట్టుకుంది. "మా ఇంట్ల ముగ్గురు మొగోళ్లు. పండుగ నాడు గూడ నాలుగు మాటలు మాట్లాడరు. ఈ నోరే గావాలె బేటీ. అల్లా సల్లగ సూడాలె."

అందరూ వాకిట్లోకి నడిచారు. ముదస్సిర్‌కు మాత్రం చెప్పులు ఎంతకీ దొరకలేదు, కాళ్ల ముందే ఉన్నా.

"ఇగ జిరాక్స్‌కు రావొద్దేమో మేడం?"

"రాన్రి. పదిహేనో కాపీ మన నికాహ్ కాయితానిది తీయాలె," అంది సబీహా. ఎవరినీ అడగకుండానే అంది. "ఈసారి సంచి మాత్రం ఇంట్ల పెట్టి రాన్రి."