ఆగస్టా వెతుకుతున్న ఉత్తరం

శనివారం పని ఒంటిగంటకే అయిపోవాలి. ఆ ఫిబ్రవరి శనివారం మాత్రం నాలుగు దాటినా మూడో అంతస్తు గదిలో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. కిటికీ అవతల వాషింగ్టన్ మీద మంచు కురుస్తోంది. ట్రాముల గంటలు కూడా దుప్పటి కప్పుకుని మోగుతున్నట్టున్నాయి. గది నిండా ఇనుప అరలు, అరల నిండా అట్టపెట్టెలు, పెట్టెల నిండా పాతికేళ్ల కిందట పదవి దిగిపోయిన ఒక అధ్యక్షుడి ఉత్తరాలు, మెమోలు. ఆయన రాయించినవీ, ఆయనకొచ్చినవీ, ఆయన కింద గుమస్తాలు ఒకరి మీద ఒకరు రాసుకున్న చాడీలూ అన్నీ ఉన్నాయి.

వాటిని వరసలో పెట్టడానికి వినిఫ్రెడ్ టాల్‌బర్ట్ పద్నాలుగేళ్లు ధారపోసింది. కాగితాల దుమ్ముకి ఆవిడ వేళ్లు ఎండి పగిలాయి. ఆ గది పెద్ద రిటైరయి ఏడాదైంది, కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అది తనది కాక ఇంకెవరిది? అలాగే అనుకుంది, కోరా బెసెట్ వచ్చేదాకా.

కోరా చేరి నిండా ఎనిమిది నెలలు కాలేదు. ఉల్లిపొరంత పల్చటి కాగితాల మీద అలుక్కుపోయిన ఊదారంగు సిరాని భూతద్దం కూడా లేకుండా గడగడా చదివేస్తుంది. పైగా చదువుతూ నవ్వుకుంటుంది. ఆ నవ్వు వింటేనే వినిఫ్రెడ్‌కి అరికాలి మంట నెత్తికెక్కేది. మొన్న గురువారమైతే మరీనూ! గని కూలడంతో మొగుడు చచ్చిపోయిన ఒకావిడకి అధ్యక్షుడు టైపు చేయించి, అడుగున తన చేత్తో నాలుగు ముక్కలు రాసి, ఎందుకో పంపకుండా ఆపేసిన ఉత్తరం ఒకటి కోరా బయటకు తీసింది. వినిఫ్రెడ్ ఆ పెట్టెని మూడుసార్లు వెతికింది. మూడుసార్లూ అది ఆవిడ కంటపడలేదు.

సోమవారం ఈ కాగితాల పని చూడ్డానికి కమిటీ పెద్దలొస్తారు. "ఆ ఉత్తరం కోరానే చూపిస్తుంది," అన్నాడు పై అధికారి హాలోవెల్. చూపించిన మనిషికే కుర్చీ అని మళ్లీ నోరు విప్పి చెప్పాలా?

"మిస్ టాల్‌బర్ట్ గారూ, ఇది చూశారా?" కోరా ఒక పాత మెమో పట్టుకొచ్చింది. "ఆగస్టా థోర్న్ అని, ఆ అధ్యక్షుడి ఆఫీసులో టైపిస్టు. ఏదో ఉత్తరం పోగొట్టిందని ఉద్యోగం ఊడగొట్టారు, పాపం. 'నేను పోగొట్టలేదు, పక్కసీటు ఆవిడ నన్ను చూసి ఓర్వలేక దాచేసింది. దొరికేదాకా వెతుకుతూనే ఉంటాను' అని రాసుకుంది. కింద ఎవరో పెన్సిల్‌తో రాశారు చూడండి. వారం తిరక్కుండానే పొటోమాక్ నదిలో శవం తేలిందట."

"పోగొట్టిన ప్రతివాళ్లూ చెప్పే మాటే అది," అంది వినిఫ్రెడ్ తలెత్తకుండానే.

"అయ్యో, మీకు బొత్తిగా జాలి లేదండీ!" కోరా కోటు తగిలించుకుంది. "ఇంకాసేపుంటే నాకు ట్రాము దొరకదు. ఆ ఉత్తరం గాజుపలక కింద పెట్టాను. ముడతలు పోయాక కాస్త దాని పెట్టెలో పడేస్తారా? పెట్టెలో నా చీటీ ఉంది."

"పడేస్తాలే, వెళ్లమ్మాయ్. నీ పనులు నెత్తినేసుకోడానికేగా నేనిక్కడుంది."

"మీరు బంగారమండీ!" అని ఆ పిల్ల రెండేసి మెట్లు దిగిపోయింది.

బంగారమట! వినిఫ్రెడ్ పళ్లు పటపట కొరికింది.

ఆ గదిలో ఒక కట్టుబాటుంది. కాగితం తీసినవాళ్లు దాని చోట సంతకం చేసిన చీటీ పెట్టాలి. కాగితం తిరిగొచ్చేదాకా పూచీ ఆ సంతకానిదే. ఇప్పుడు పూచీ కోరాది. వినిఫ్రెడ్ గాజుపలక ఎత్తి ఉత్తరం తీసింది. దాని పెట్టె దగ్గరికి వెళ్లలేదు. చివరి అర దాకా నడిచి, ఆరువందల పధ్నాలుగో పెట్టెలో, గుర్రపుబళ్ల మరమ్మతు కాగితాల మధ్య దూర్చేసింది. ఆరువందల పైచిలుకు పెట్టెల్లో చోటు తప్పిన ఒక్క కాగితం... ఇంకో మనిషి జీవితకాలంలో దొరకదు. ఈ సంగతి ఆవిడ కంటే బాగా ఎవరికి తెలుసు?

తిరిగొచ్చి ఖాళీ కుర్చీలో కూర్చుని చూసింది. ఎంత హాయిగా ఉందో! కడుపులో ఎనిమిది నెలలుగా రగిలిన కుంపటి చల్లారినట్టయింది. ఆ హాయికి చిన్న కునుకు కూడా పట్టింది.

మెలకువొచ్చేసరికి చీకటి పడింది. గదిలో ఏదో వాసన. తడిసిన కాగితం వాసన. దాని వెనకే ఏటి బురద వాసన. నీళ్ల గొట్టం పగిలిందేమోనని గోడలు తడిమి చూసింది. పొడిగానే ఉన్నాయి.

అప్పుడు వినబడింది.

మొదటి అరలో ఒక పెట్టె మూత లేచిన చప్పుడు. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. ఒకటి... ఒకటి... ఒకటి. మూత పడింది. పక్క పెట్టె మూత లేచింది.

"కోరా? నువ్వేనా?"

కాగితాల చప్పుడు ఆగింది. ఒక్క క్షణమే. మళ్లీ మొదలైంది.

వినిఫ్రెడ్ దీపం ఎత్తి పట్టుకుంది. అరల మధ్య ఎవరూ లేరు. మూతలు మాత్రం లేస్తున్నాయి, పడుతున్నాయి. వరస తప్పకుండా, ఒక్క పెట్టె కూడా వదలకుండా... రెండో అర... మూడో అర... పనితనం తెలిసిన చేతులు. తొందర లేని చేతులు. 

చెవి పక్కనే, ఊపిరి తగిలేంత దగ్గరగా...

"ఎక్కడ పెట్టావు?"

కాళ్లు వాటంతటవే పరుగెత్తాయి. చివరి అర. ఆరువందల పధ్నాలుగు. "పెట్టేస్తాను... దాని చోట పెట్టేస్తాను..." అని గొణుక్కుంటూ మూత లాగింది. గుర్రపుబళ్ల కాగితాలున్నాయి. ఉత్తరం లేదు.

ఉత్తరం ఉండాల్సిన చోట ఒక చీటీ ఉంది. తీసిన తారీకు ఈ రోజుదే. ఊదారంగు సిరా ఇంకా ఆరలేదు. సంతకం, ఆగస్టా థోర్న్.

ఆవిడ ఎలా మెట్లు దిగిందో, ఏ ట్రాము ఎక్కిందో ఆవిడకే తెలీదు.

ఆదివారమంతా దుప్పటి కప్పుకుని పడుకుంది. చెప్పేద్దామా అనుకుంది. చెప్తే ఉద్యోగం పోతుంది, పరువు పోతుంది. అయినా ఏమని చెప్పాలి? నేను దాస్తే దెయ్యం పట్టుకుపోయిందనా? అంతలో కోరా ఆ కుర్చీలో కూర్చుని నవ్వుతున్నట్టు కళ్లకు కట్టింది. అంతే, చెప్పాలన్న మాట అక్కడే చచ్చిపోయింది.

సోమవారం పొద్దున హాలోవెల్ కోరా చీటీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "ఉత్తరమేదమ్మా? కమిటీ వాళ్లు కింద కాఫీ తాగుతున్నారు."

"మిస్ టాల్‌బర్ట్ గారికి అప్పజెప్పాను సార్. పెట్టెలో పెట్టేస్తానన్నారు."

"నాకా?" వినిఫ్రెడ్ గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నాతో ఏం చెప్పావు? ట్రాము కోసం పరుగెత్తావు, అంతేగా?"

కోరా మొహం పాలిపోయింది. ఆ పిల్ల నవ్వకపోవడం వినిఫ్రెడ్ చూడటం అదే మొదటిసారి. చూసి సంతోషించింది కూడా. దేవుడి ముందైనా ఆ సంగతి దాచగలిగేది కాదు.

"ఎందుకండీ అబద్ధం? పోనీ, ఆవిణ్ణి అడగండి సార్."

"ఎవర్ని?"

"శనివారం ఇక్కడున్న ఇంకొకావిణ్ణి. చేతితొడుగులు మర్చిపోయి నేను వెనక్కొచ్చాను. మిస్ టాల్‌బర్ట్ గారు కిటికీ పక్క కుర్చీలో నిద్రపోతున్నారు. వెనక బట్టలన్నీ తడిసిన ఒకావిడ నిలబడి ఈవిడకి జడ అల్లుతోంది. పలకరించబోతే నోటి మీద వేలు పెట్టుకుంది. 'ఉష్... ఇన్నాళ్లకు మనిషి దొరికింది' అంది. లేపడం దేనికని నేను వెళ్లిపోయాను."

హాలోవెల్ వినిఫ్రెడ్ తలకేసి చూశాడు. చెవుల దగ్గరికి కత్తిరించిన నెరిసిన జుట్టు.

"జడా?"

"నాకూ అదే అర్థం కాలేదు సార్." కోరా కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేల దాకా ఉంది. ఇంకా అల్లుతూనే ఉంది."

"చాలమ్మా. కింద వచ్చిపోయేవాళ్ల పుస్తకంలో శనివారం ఉన్నవి మీ ఇద్దరి పేర్లే. పోగొట్టినందుకైతే క్షమించేవాణ్ణేమో. కట్టుకథలకి మాత్రం క్షమించను. నీ సామాను సర్దుకో."

పది గంటలకల్లా కోరా బల్ల ఖాళీ అయింది. పదకొండింటికి ఆ కుర్చీ వినిఫ్రెడ్‌ది అయింది. హాలోవెల్ చెయ్యి కలిపి వెళ్లాక ఆవిడ మెడ వెనక తడుముకుంది. అక్కడేమీ లేదు. పొట్టి జుట్టే. హమ్మయ్య అనుకుంది.

ముందున్న పెట్టె మూత తీసి, పై కాగితం చదవడానికి వంగబోయింది.

తల వంగలేదు.

ఇంకోసారి వంగబోయింది. వెనక నుంచి... ఎవరో మెల్లిగా, ఓపిగ్గా, ఇంకో పాయ బిగించి లాగారు.